బొగ్గుబాయిలో పుట్టిన బీబీఏ పాఠం

బీబీఏలో చేరిన ప్రతివాళ్ళూ మొదటి ఏడాది బట్టీ పట్టేది హెన్రీ ఫేయోల్ పద్నాలుగు సూత్రాలు. ఉద్యోగికి ఒక్కడే బాస్ ఉండాలన్నది అందులో ఒకటి (మన ప్రాజెక్టుల్లో అది ఎప్పుడో గాలికి పోయింది లెండి). ఈ ఫేయోల్ ప్రొఫెసరేం కాదు, ఫ్రాన్సులో బొగ్గుగనుల ఇంజనీరు. 1888లో దివాలా అంచున ఉన్న గనుల కంపెనీ పగ్గాలు పట్టి నిలబెట్టాడు. ఆ అనుభవాన్నే 1916లో సూత్రాలుగా రాశాడు.

మరి ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల బొగ్గుబాయిల పక్కన, బెల్లంపల్లిలోనో గోదావరిఖనిలోనో పెరిగిన పిల్లలకి ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది? జీతం న్యాయంగా ఉండాలన్నది కూడా ఫేయోల్ సూత్రమే. సింగరేణిలో 1981లో 56 రోజుల సమ్మె జీతం కోత మీదే జరిగింది. నోటీసు లేకుండా ఒక్కరోజు పని ఆపితే ఎనిమిది రోజుల జీతం కోయొచ్చట! 1936 నాటి వేతనాల చట్టం అందుకు వీలిచ్చింది. 1990ల్లో అదే కంపెనీ రెండుసార్లు ఖాయిలా పడి బీఐఎఫ్ఆర్ దాకా వెళ్ళింది, తర్వాత లాభాల్లోకొచ్చింది. అంటే ఫేయోల్ చేసిన పనే ఇక్కడా జరిగింది. బీబీఏ ఫైనలియర్ ప్రాజెక్టుకి షాపింగ్ మాల్‌లో సర్వే ఫారాలు నింపించే బదులు, ఆ సమ్మెలో ఉన్న తాతల దగ్గర కూర్చోబెట్టి ఇది రాయించొచ్చు కదా.