ఎక్కడ దిగాలి? ఎవరు దిగనిస్తారు?

సిరిసిల్ల నుంచి వేములవాడకు పట్టుమని 15 కిలోమీటర్లు లేవు. జగిత్యాల నుంచి కొండగట్టు కూడా ఇంచుమించు అంతే దూరం, ధర్మపురి దానికి రెట్టింపు. కోరుట్ల నుంచి బయల్దేరినా ఈ మూడు క్షేత్రాల్లో ఏదీ ఒక పూటకు మించిన ప్రయాణం కాదు. పొద్దున బస్సెక్కితే దర్శనం చేసుకుని చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు. అయినా ఈ ప్రాంతపు కుటుంబాలు వేములవాడ రాజన్న దగ్గరికి పోదామనుకోగానే మొదట మాట్లాడుకునేది బస గురించే. “గుడి గది దొరుకుతదా? మనోళ్ల సత్రం ఉంది గదా, ఆడ దిగుదామా? వండుకోను జాగ ఉంటదా?” అని ఇంట్లో పెద్దవాళ్లు లెక్క వేస్తారు.

ఆ లెక్కంతా మొక్కులోంచి పుట్టింది. వేములవాడ రాజరాజేశ్వరుడికి సోమవారం ప్రీతి. కాబట్టి ఆదివారం సాయంత్రానికే చేరతారు. తెల్లవారుజామున ధర్మగుండంలో మునిగి, తడిబట్టలతోనే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. తలనీలాలు ఇచ్చేవాళ్లుంటారు, గుడిలో ఒక రాత్రి నిద్ర చేస్తామని మొక్కుకున్నవాళ్లుంటారు. అదే ఆవరణలో ఉన్న దర్గాకు కూడా మొక్కి వస్తారు. మంగళవారం బద్ది పోచమ్మకు బోనం. అక్కడ కోడో, యాటో తెగుతుంది, చుట్టాలంతా కూర్చుని తింటారు. రెండు రాత్రులు, మూడు పగళ్లు. శివుడి ముందు ఉపవాసం, అమ్మవారి ముందు విందు. దేవస్థానం గది గుడికి దగ్గర, ధర తక్కువ. కానీ ఆ పొయ్యి మీద మాంసం ఉడకదు. అందుకే పోచమ్మ మొక్కు ఉన్న కుటుంబం కాస్త దూరమైనా వాకిలి ఉన్న ప్రైవేటు గది వెతుక్కుంటుంది. పడుకునే మంచం కన్నా మూడు రాళ్ల పొయ్యికీ, బిందెడు నీళ్లకూ ఇక్కడ విలువ ఎక్కువ. ఏడాది విడిచి ఏడాది మేడారం జాతర వస్తుంది. సమ్మక్క దగ్గరికి పోయే ముందు రాజన్నను చూడాలన్నది ఆనవాయితీ. ఆ వారాల్లో వేములవాడలో గది అన్న మాటే ఎత్తలేం. ఎవరి చాప వాళ్లు తెచ్చుకోవాల్సిందే.

ఈ ఊరికి జనం రావడం కొత్త కాదు. 10వ శతాబ్దంలో ఇది చాళుక్యుల రాజధాని. రెండో అరికేసరి కొలువులో కన్నడ ఆదికవి పంపడు ఉన్నది ఇక్కడే. రాజుల గురించి, గుళ్ల గురించి మనకు శాసనాలున్నాయి. ఆ గుళ్లకు నడిచి వచ్చిన మామూలు మనిషి రాత్రి ఎక్కడ నడుం వాల్చాడన్నది వాటిలో అరుదుగా కనిపిస్తుంది. కనిపించినచోట ఆశ్చర్యపరుస్తుంది. రుద్రమదేవి కాలంలో, 1261లో, గుంటూరు ప్రాంతపు మల్కాపురంలో వేసిన శాసనం విశ్వేశ్వర శివాచార్యుడు నడిపిన మఠాన్ని వర్ణిస్తుంది. అక్కడ పాఠశాల ఉంది, వైద్యశాల ఉంది, ప్రసూతిశాల ఉంది. అన్నసత్రం తలుపు బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు అందరికీ తెరిచే ఉండాలని రాతి మీద చెక్కించారు. మన నేల మీద ఇలాంటి మాట ఏడున్నర శతాబ్దాల కిందటే శాసనమైంది. దాన్ని ఎంత గర్వంగా చెప్పుకున్నా తక్కువే. ఆ తర్వాత దాన్ని మనం ఎంతగా మరిచామో కూడా అంతే సూటిగా చెప్పుకోవాలి.

ధర్మపురిలో గోదావరి దక్షిణంగా మలుపు తిరుగుతుంది. లక్ష్మీనరసింహుడి గుడి, పక్కనే యమధర్మరాజు గుడి, అక్కడ వెలిగే గండదీపం. ఈ ఊరిని చూసినవాడికి యమపురి ఉండదని నానుడి. అయినవాళ్లు పోయిన దుఃఖంతో అస్థికలు పట్టుకుని వచ్చేవాళ్లు, పితృకార్యం కోసం వచ్చేవాళ్లు ఏడాది పొడుగునా ఉంటారు. వాళ్లకు విడిది పురోహితుల ఇళ్లే. ఫలానా ఊరివాళ్లు ఫలానా పురోహితుడి ఇంటికే చెందుతారన్న లెక్క తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది. ఎక్కడ దిగాలన్న ప్రశ్నే లేదు, తాత దిగిన ఇంట్లోనే మనవడూ దిగాడు. ఐర్లండ్ పశ్చిమ తీరంలో డింగిల్ లాంటి చిన్న రేవు ఊళ్లలో ఇంటివాళ్లే ఒకటి రెండు గదులు బాటసారులకిచ్చి, పొద్దున్నే ఫలహారం పెట్టి పంపుతారు. నీటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు అతిథిని చూసుకునే తీరు అక్కడా ఇక్కడా ఒక్కటేననిపిస్తుంది. కాకపోతే అక్కడ వచ్చినవాడు గుమ్మం ఎంచుకుంటాడు. ఇక్కడ గుమ్మమే మనిషిని ఎంచుకుంది. ఆ గడప దాటే హక్కు లేని కులాలు ఇసుకతిన్నెల మీద, బండ్ల కింద, చెట్ల నీడన దిగాయి.

1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రతి మజిలీ దగ్గర ఆగి రాసుకున్నది కూడా ఇలాంటి విషయాలే. దిగడానికి ఇళ్లున్నాయా, బజారుందా, నీళ్లు మంచివా? పల్లకీ, గుడారాలు, వందమంది పరివారం ఉన్న మనిషికే బస అంత పెద్ద చింత అయితే, సద్దిమూటతో నడిచినవాడి సంగతి ఊహించుకోవచ్చు.

కులసత్రాలు ఈ చింతకు ఒక జవాబుగా పుట్టాయి. ఆర్యవైశ్యులది, పద్మశాలీలది, మున్నూరు కాపులది, ఇలా ఒక్కో కులం చందాలు పోగేసి క్షేత్రాల్లో సత్రాలు కట్టుకుంది. వాటిని సంకుచితమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి బతికిన నేతకారుడికి, ఎవరి దయా అక్కర్లేకుండా కాళ్లు చాపుకునే చోటు దొరకడం చిన్న విషయం కాదు. సిరిసిల్ల పద్మశాలీలు బతుకుదెరువుకు భివండి, షోలాపూర్ పోయినా తమవాళ్ల గదుల్లోనే మొదటి రాత్రి గడిపారు. గల్ఫ్ విమానం కోసం ముంబై చేరిన జగిత్యాల, కోరుట్ల కుర్రాళ్లు ఊరివాళ్ల రూముల్లో ఒకరినొకరు ఒరుసుకుని పడుకున్నారు. పరాయి చోట మనవాడి గది ఒక్కటే ధైర్యం. కానీ సత్రం కట్టుకునే స్తోమత ఉన్న కులాలకే సత్రం ఉంటుంది. చందా వేసే చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకు ఆ వరసలో బోర్డు లేదు.

1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఈ సంగతిని పేరుపెట్టి పట్టుకుంది. హోటళ్లతో పాటు ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అనే మాటలను చట్టంలోకి ఎక్కించి, అక్కడ అంటరానితనం పాటిస్తే శిక్ష అని చెప్పింది. నిజాం రాజ్యంలో బాటసారులకు అవన్నీ తెలిసిన పేర్లే. చట్టం రాగానే గుమ్మాలు తెరుచుకోలేదు. తర్వాతి కాలంలో బస్టాండ్ల పక్కన లేచిన లాడ్జీలు కొంత పని చేశాయి. అక్కడ పేరు రాయించుకుని పైకం కడితే తాళంచెవి చేతికొస్తుంది. డబ్బులేనివాడికి అదీ మూసిన తలుపేననుకోండి.

కొండగట్టుది వేరే కథ. 40 రోజులు అంజన్న సన్నిధిలో ఉంటే సంతానం కలుగుతుందని, మతి చెదిరినవాళ్లకు నయమవుతుందని నమ్మకం. ఇక్కడికి వచ్చే కొన్ని కుటుంబాలకు బస అంటే ఒక రాత్రి కాదు, మండలం రోజుల కాపురం. మనసు జబ్బుకు డాక్టరు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ మనిషిని ఇంట్లో దాచిపెట్టకుండా పదిమంది మధ్యకు తెచ్చి, పక్కనే పడుకుని కనిపెట్టుకునే తల్లికి మంచి వసారా, స్నానాల గది, దగ్గర్లో ఒక వైద్యుడు ఉండాలని కూడా అంతే గట్టిగా అంటాను.

2015 జులై 14న ధర్మపురిలో మొదలైన పుష్కరాలు తెలంగాణ ఏర్పడ్డాక వచ్చిన తొలి గోదావరి పుష్కరాలు. సెలవు రోజుల్లో దారులు కిక్కిరిసి జనం గంటల తరబడి బండ్లలోనే ఉండిపోయారు. గోదావరి పుష్కరాలు మళ్లీ వచ్చేది 2027లో. ఘాట్ల పొడవు, పార్కింగ్ స్థలం గురించి అధికారులు మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. దాంతోపాటే ముసలివాళ్లు రాత్రి పడుకునే పెద్ద హాళ్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు, వండుకునేందుకు పొయ్యిలు, తాగే నీళ్లు ఇప్పుడే లెక్కలోకి రావాలి. ఆ 12 రోజులైనా ఊళ్లోని సత్రాలన్నీ కులం అడగకుండా తలుపులు తీస్తామని ముందుగా ప్రకటిస్తే బాగుంటుంది. అందుకు సత్రాల పెద్దలను ఒకచోట కూర్చోబెట్టాల్సిన పని దేవస్థానానిది.