జోన్ రాబిన్సన్ పెట్టిన పేరు

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. జోన్ రాబిన్సన్ దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది ఒక మాట: మొనాప్సనీ. అమ్మేవాడు ఒక్కడే అయితే గుత్తాధిపత్యం అంటాం. కొనేవాడు ఒక్కడే అయితే? 1933లో వచ్చిన ‘అసంపూర్ణ పోటీ అర్థశాస్త్రం’లో ఆమె దానికి ఈ పేరు పెట్టింది. గ్రీకు తెలిసిన హాల్‌వర్డ్ అనే పండితుడి సాయంతో మాటను తయారుచేసుకుంది. పేరు లేనిదానికి పేరు పెట్టడం ఎంత పనో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

శ్రమను కొనేవాడు ఒక్కడే అయి, పనిచేసేవాళ్ళకి ఇంకోచోటికి పోయే దారి లేకపోతే, వాళ్ళు సృష్టించిన విలువ కన్నా కూలి తక్కువకి దిగుతుంది. ఆ పుస్తకంలోనే ఆమె సమానంగా పనిచేసే స్త్రీ పురుషుల ఉదాహరణ తీసుకుంది. మగవాళ్ళకి సంఘం ఉంది, ఆడవాళ్ళకి లేదు. యజమాని ఆడవాళ్ళకి తక్కువిస్తాడు. అంటే ఆ తేడా వాళ్ళ పనిలో లేదు, బేరమాడే శక్తిలో ఉంది. నిజామాబాద్ వైపు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీలకి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదనుకోండి.

ఆమె జీవితమూ ఇలాంటి లెక్కే. 1903లో ఇంగ్లండులో పుట్టింది. 1925లో గిర్టన్ కాలేజీలో చదువు ముగించింది. కేంబ్రిడ్జ్ స్త్రీలకి పూర్తి డిగ్రీలిచ్చింది 1948లో! పెళ్ళయ్యాక భర్త ఆస్టిన్ గ్వాలియర్ బాల మహారాజుకి చదువు చెప్పే పనిలో ఉంటే, ఆమె కూడా అక్కడ ఉంది. తిరిగి వెళ్ళాక కీన్స్ చుట్టూ చేరిన చిన్న బృందంలో ఒకరై, 1936 నాటి ఆయన మహాగ్రంథం చిత్తుప్రతుల మీద వాదించింది. ప్రొఫెసర్ పదవి మాత్రం 1965లో, భర్త రిటైరయిన ఏడాది వచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆమె 1953లో వేసిన ప్రశ్న. యంత్రాలూ గోదాములూ ముడిసరుకూ కలిపి ‘పెట్టుబడి’ అని ఒకే అంకెలో ఎలా కొలుస్తారు? లాభం రేటు తెలియనిదే వాటికి విలువ కట్టలేం. విలువ కట్టనిదే లాభం రేటు తేల్చలేం. మరి పెట్టుబడిదారుడికి దక్కేది దాని ఉత్పాదకతకి తగిన ఫలమని ఎలా అంటారు? అమెరికా పండితులతో పదేళ్ళకి పైగా వాదం నడిచింది. 1966లో శామ్యూల్సన్ ముఖ్యమైన అంశం ఒప్పుకున్నాడు. పాఠ్యపుస్తకాలు పెద్దగా మారలేదు.

అమర్త్యసేన్ పరిశోధనకి ఆమె పర్యవేక్షకురాలు. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రానికి వచ్చి పనిచేసింది. నోబెల్ రాలేదు. అర్థశాస్త్రంలో అది ఒక స్త్రీకి, ఎలినార్ ఆస్ట్రమ్‌కి, వచ్చేసరికి 2009. జోన్ 1983లోనే పోయింది.

ఇక్కడ ఆగి హారతి పట్టలేను. 1964లో ఉత్తర కొరియా చూసొచ్చి దాన్ని అద్భుతమని రాసింది. చైనా సాంస్కృతిక విప్లవాన్ని సమర్థిస్తూ 1969లో పుస్తకం వేసింది. కేంబ్రిడ్జ్‌లో ఏ అంకెనూ అడక్కుండా వదలని మనిషి, అక్కడ చూపించినదాన్నే చూసింది. ఆ చైనా పుస్తకాన్ని ఆమె అభిమానులు జాబితాలో చివరికి తోసేస్తారు. నేను దాన్ని 1933 నాటి పుస్తకం పక్కనే పెట్టి చదువుతున్నాను.