జూలకల్లు దాటితేనే జూలకంటి

మాచర్ల నుంచి 1972లో జూలకంటి నాగిరెడ్డి, 1999లో జూలకంటి దుర్గాంబ, 2024లో జూలకంటి బ్రహ్మానందరెడ్డి శాసనసభకు ఎన్నికయ్యారు. కృష్ణ అవతల మిర్యాలగూడ నుంచి 1994లో, మళ్లీ 2004, 2009లలో జూలకంటి రంగారెడ్డి గెలిచారు. ఇటు పల్నాడు, అటు నల్లగొండ. పార్టీలు వేరు, ఇప్పుడు రాష్ట్రాలూ వేరు. ఈ కుటుంబాల మధ్య చుట్టరికం ఉందని నేను చెప్పబోవడం లేదు. నన్ను పట్టుకున్నది ఆ ఇంటిపేరు. కృష్ణకు ఈ గట్టునా ఆ గట్టునా తప్ప తెలుగునేల మీద అంతగా చెవినపడని పేరది. శ్రీకాకుళంలో చెబితే అదేం పేరని తిరిగి అడుగుతారు. మా పిడుగురాళ్లలో ఎవరూ అడగరు. జూలకల్లు మా మండలంలోనే ఉన్న ఊరు.

జూలకల్లు జూలకంటి ఎలా అయింది? ఇల్లు ఇంటి అయినట్టే. విల్లు వింటి అయినట్టే. ఓరుగల్లు నుంచి వచ్చినవాళ్లు ఓరుగంటివారయ్యారు కదా, ఇదీ అంతే. కల్లు అంటే రాయి. రాళ్లసీమలో ఊళ్ల పేర్లలో రాయి ఉండడం వింత కాదు. మా పిడుగురాళ్ల పేరులోనూ రాళ్లే ఉన్నాయి. ఆ రాళ్లను కాల్చి సున్నం చేసి దేశమంతటికీ పంపుతున్నాం. శ్రీనాథుడి చాటువుల దగ్గర్నుంచి పల్నాడంటే రాళ్లూ జొన్నకూడే అన్న మాట స్థిరపడిపోయింది. ఆ రాయే వ్యాకరణంలో ఒక మలుపు తిరిగి మనుషుల పేర్ల ముందుకు చేరి కూర్చుంది. పాడు పాటి అవుతుంది, నాడు నాటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఇలా 'ఫలానా ఊరి' అని ఆగిపోయిన మాటలే. ఆ తర్వాత రావలసిన 'వాళ్లు' అన్న మాట వినేవాడు తనంతట తాను కలుపుకుంటాడు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఊరిపేరు ఇంటిపేరుగా అతుక్కునేది ఆ ఊళ్లో కాదు, ఊరు దాటాక. జూలకల్లులో ఉన్నంతకాలం అందరూ జూలకల్లువాళ్లే. అక్కడ ఒకరిని ఇంకొకరి నుంచి విడదీసి చెప్పడానికి ఆ మాట పనికిరాదు. తాత పేరో, ఇంటి ముందున్న చెట్టో, చేసే పనో, ఒంటి తీరో ఆ పని చేస్తుంది. అదే మనిషి బండి కట్టుకుని, ఆలుబిడ్డల్ని ఎక్కించుకుని ఇంకో ఊరికి చేరితే, అక్కడి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి అడిగే మొదటి మాట, "ఏవూరోళ్లయ్యా మీరు?" ఇప్పటికీ మా వైపు కొత్తమనిషిని అడిగే మొదటి మాట అదే. ఆ ప్రశ్నకు చెప్పిన జవాబు రెండు తరాలు గడిచేసరికి ఇంటిపేరుగా నిలిచిపోతుంది. కాబట్టి జూలకంటివారు అంటే జూలకల్లులో ఉన్నవారని కాదు, జూలకల్లు నుంచి కదిలినవారని.

ఇది నా ఊహ మాత్రమే కాదనడానికి యడ్లపాడు మండలం చాలు. అదీ ఇప్పుడు మన పల్నాడు జిల్లాలోదే. యడ్లపాడు నుంచి యడ్లపాటి వచ్చింది. నూటరెండేళ్లు బతికి 2022లో కన్నుమూసిన యడ్లపాటి వెంకటరావు పుట్టింది తెనాలి వైపు బోడపాడులో. అదే మండలంలో ఉన్నవ అనే ఊరుంది. 'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1877లో పుట్టింది వేములూరుపాడులో. అదే మండలంలో జాలాది ఉంది. సినిమా పాటల జాలాది కృష్ణా జిల్లా గుడివాడ వైపు మనిషి. ఒక్క మండలంలోని మూడు ఊళ్ల పేర్లు ఒక రాజకీయ నాయకుడికీ ఒక నవలాకారుడికీ ఒక పాటల రచయితకీ ఇంటిపేర్లయ్యాయి, ముగ్గురూ ఆ ఊళ్లకు బయట పుట్టినవాళ్లే. ఇంకోటి కూడా గమనించాలి. ఊరిపేరు నుంచి వచ్చిన ఇంటిపేరు ఏ ఒక్క కులం సొత్తూ కాదు. ఊరు వదిలినవాళ్లలో కాపుదనం చేసేవాళ్లున్నారు, నేతపనివాళ్లున్నారు, పంచాంగం చెప్పేవాళ్లున్నారు, దళితులున్నారు. అందరూ ఒకే ఊరిపేరు వెంట తీసుకుపోయారు. అందుకే ఇంటిపేరు విని కులం తేల్చేద్దామనుకునేవాళ్లు తరచుగా తప్పులో కాలేస్తారు.

పల్నాటి చరిత్రలో అందరికీ తెలిసిన ఆడమనిషి పేరు తీసుకోండి. ఆమె ఆరవెల్లి నాగమ్మ. ఆమె పుట్టిల్లు కరీంనగర్ వైపు ఆరవెల్లి అని కథ చెబుతుంది. గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రాంగం నడిపింది, కారంపూడి యుద్ధానికి ఒక పక్షాన నిలిచింది. ఆమె బతుకు ఇక్కడిదే, పేరు మాత్రం వదిలివచ్చిన ఊరిది. పుల్లరి పన్ను కట్టబోమని అడవి మీద హక్కు కోసం నిలబడి 1922లో తూటాలకు కూలిపోయిన కన్నెగంటి హనుమంతుది మించాలపాడు. ఆయన ఇంటిపేరు మించాలపాటి కాదు, కన్నెగంటి. ఆ 'గంటి' రూపాన్ని బట్టి చూస్తే ఏ 'గల్లు' నుంచో ఏ తరంలోనో వాళ్లూ కదిలివచ్చినవాళ్లే అనిపిస్తుంది. మన నేల కోసం ప్రాణమిచ్చిన మనిషి పేరులోనే ఇంకో నేల గుర్తుంది. అది నాకు ఎంతో విలువైన విషయం.

జూలకల్లు నుంచి జనం ఎందుకు కదిలారు? ఒక్క కారణం కాదు. 1801 దాకా పల్నాడు ఆర్కాటు నవాబు కింద ఉండేది, పక్కనున్న గుంటూరు సర్కారు అంతకు ముందే కంపెనీ చేతికి పోయింది. కృష్ణ దాటితే నైజాం. ఒక చిన్న సీమలోనూ దాని పక్కలానూ కలిపి మూడు ఏలుబడులు. పన్నుల పోటు తట్టుకోలేని రైతుకు ఏరు దాటితే చాలు, అమీను మారతాడు. ఆపైన కరువులు. 1832–33లో వచ్చిన నందన కరువును డొక్కల కరువన్నారు. గుంటూరు సీమలో లక్షకు పైగా జనం పోయారు. మిగిలినవాళ్లలో కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు కదిలారు. 1876లో ధాత కరువు మళ్లీ కదిలించింది. ఇటు పొందుగుల, అటు మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి. ఇప్పుడు వంతెన మీద లారీలు బారులు తీరే ఆ చోటే పల్నాటికీ నల్లగొండకూ మధ్య పాత దారి. వాడపల్లి దాటి నేరుగా పోతే మిర్యాలగూడ. పల్నాడు, మిర్యాలగూడ వైపు ఊళ్ల మధ్య పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం నైజాం రోజుల్లోనూ ఆగలేదు. 1948 దాకా అది వేరే దొరతనం అయినా పెళ్లిబండికి కృష్ణ అడ్డం కాలేదు. జూలకంటి అనే పేరు రెండు గట్ల మీదా కనిపించడానికి నాకు తోచే కారణం ఇదే. కరువో కలిమో, మనువో మడిచెక్కో ఏదో ఒకటి ఆ పేరును ఏరు దాటించింది.

ఇలాంటివాళ్లు ఎందరున్నారంటే లెక్క చెప్పే పుస్తకం లేదు. జనాభా లెక్కల్లో కులం, మతం, భాష, చదువు, వృత్తి అన్నిటికీ ఏదో ఒక కాలంలో పట్టికలు వేశారు గాని ఇంటిపేర్లకు వేయలేదు. ఒకప్పుడు ఆ లెక్క ఊరి కరణం నోట్లో ఉండేది. ఏ ఇంటిపేరువాళ్లు ఎన్ని గడపలు, ఎవరు దాయాదులు, ఎవరు ఇల్లరికం వచ్చినవాళ్లు, అన్నీ ఆయనకు తెలుసు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. ఆ రద్దు మంచిదే, వంశపారంపర్యపు పెత్తనం పోయింది. కాని ఆ తెలివిడిని ఎవరూ రాసిపెట్టుకోలేదు. అంతకు చాలా ముందు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించారు. వాటిలో గుళ్లున్నాయి, మాన్యాలున్నాయి, రాజుల పేర్లున్నాయి. మామూలు గడపల పేర్లు తక్కువ.

ఓటర్ల జాబితాలో చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు, కాని చాలా పేర్ల ముందు ఒక్క అక్షరమే ఉంటుంది. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు 'జె' అని ఒక అక్షరం రాసి వదిలేస్తే, ఆ పిల్లవాడు జక్కావారా, జంపనివారా, జాలాదివారా, జూలకంటివారా అన్నది కాగితం మీద శాశ్వతంగా మాసిపోయినట్టే. పెద్ద ఇంటిపేర్లకు దీనివల్ల నష్టం లేదు. అవి ఎలాగూ వేల గడపల్లో బతుకుతాయి. అరుదైనవాటికే పొడి అక్షరం ప్రాణం తీస్తుంది. పైగా ఆడపిల్లకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. నలుగురూ కూతుళ్లే అయిన ఇంట్లో అరుదైన ఇంటిపేరు ఒక తరంలోనే ఆగిపోతుంది. ఆ నలుగురి పిల్లల్లో ఆ ఇంటి నెత్తురున్నా పేరు ఉండదు. ఈ మధ్య కొందరు ఆడవాళ్లు పెళ్లయినా పుట్టింటిపేరుతోనే ఉండిపోతున్నారు. అలాంటివాళ్లను చూస్తే నాకు సంతోషం.

పొడి అక్షరం చెరిపినదాన్ని పాస్‌పోర్టు మళ్లీ విప్పుతోంది. అక్కడ ఇంటిపేరుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంది, అందులో పూర్తిగా రాయాలి. అమెరికా వెళితే ఆ గడిలో రాసినదే పిలుపుపేరు అవుతుంది. ఇక్కడ పెట్టిన పేరును పక్కనబెట్టి, మర్యాదగా పిలిచేటప్పుడు 'మిస్టర్ జూలకంటి' అంటారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు కొందరు 'యు' పెడతారు, కొందరు రెండు 'ఓ'లు పెడతారు. మన పత్రికల్లోనూ దీర్ఘం ఉంచి జూలకంటి అనీ, దీర్ఘం తీసేసి జులకంటి అనీ రెండు రకాలుగా కనబడుతుంది. నా సలహా ఒక్కటే, దీర్ఘం వదలకండి. దీర్ఘం పోతే ఊరితో తాడు తెగుతుంది.

ఊళ్లోంచి పోయినవాళ్ల సంగతి సరే, వచ్చినవాళ్ల సంగతీ చెప్పాలి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ నీళ్లు పల్నాటిలో పారాక డెల్టా నుంచి రైతులు వచ్చి పొలాలు కొన్నారు. ఎడమకాలువ కింద మిర్యాలగూడ వైపూ అదే జరిగింది. వాళ్లతో మా ఊళ్లలో వినని ఇంటిపేర్లు వచ్చాయి, కృష్ణా తీరపు ఊళ్ల పేర్లూ గుంటూరు మాగాణి ఊళ్ల పేర్లూ. మొదటి తరాన్ని 'డెల్టావోళ్లు' అన్నారు. ఇప్పుడు వాళ్ల మనవలు పల్నాటి యాసే మాట్లాడుతున్నారు. 'పల్నాటి' అనే ఇంటిపేరు కూడా ఉంది. అది పల్నాడు దాటినచోటనే ఉంటుంది. పల్నాటిలో ఉండి పల్నాటివారమని చెప్పుకోవలసిన అవసరం ఎవరికీ రాదు.

కారంపూడిలో మాత్రం పోయినవాళ్లు తిరిగి రావడం చూస్తాం. కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజులు అక్కడ పల్నాటి యుద్ధవీరుల పేర వీర్ల తిరునాళ్ల. రోజుకొక పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఆచారవంతులు దూరదూరాల నుంచి తమ వీరుడి ఆయుధాన్ని, అంటే కొణతాన్ని, భుజాన మోసుకుని వస్తారు, నాగులేటిలో స్నానం చేయిస్తారు, వీరుల గుడి ముందు నిలబెడతారు. ఏ వీరుడి వంశంవారు ఆ వీరుడి కొణతం పడతారు. కొందరి కుటుంబాలు పల్నాడు వదిలి ఎన్ని తరాలైందో వాళ్లకే లెక్క తెలియదు. పేరు మోసుకుపోయినవాళ్లు జూలకంటివారైతే, ఆయుధం మోసుకుపోయినవాళ్లు వీళ్లు. ఏడాదికోసారి ఇక్కడికి వచ్చేవాళ్ల దగ్గర ఏ ఊరు వదిలారో, ఎప్పుడు వదిలారో చెప్పే ముసలివాళ్లుంటారు. ఆ మాటలు కూర్చుని రాసుకోవాలి. మందపోరు నాడు, అంతా కలిసి తినే చాపకూడు దగ్గర అందరూ ఒక్కచోట ఉంటారు కాబట్టి అదే మంచి సమయం.

ఇక జూలకంటి దగ్గరికి తిరిగివస్తే, నా వాదానికి ఎదురుగా ఒక ఊరుంది, దాన్ని దాచను. కర్నూలు జిల్లా గూడూరు మండలంలోనూ జూలకల్లు ఉంది. అక్కడి నుంచి కదిలినవాళ్లకూ జూలకంటి అనే పేరే రావాలి. నరసరావుపేట సంగతీ ఇలాంటిదే. మల్రాజు నరసారావు పేర పేట వెలిసే దాకా అది అట్లూరు. ఆ పేరు ఇప్పుడు ఊరి బోర్డు మీద లేదు గాని అట్లూరివారు తెలుగునేల అంతటా ఉన్నారు. కడప జిల్లాలోనూ అట్లూరు ఉంది గనక వాళ్లందరినీ నరసరావుపేటకు తీసుకురాలేం. మన ఊళ్ల పేర్లు రెండు మూడు చోట్ల పుట్టడం మామూలే. ఇంటిపేరు ఒక్కటీ చూసి దారి తేల్చకూడదు.

తేల్చడానికి ఇంకో దారి ఉంది. ఊరు వదిలినవాళ్లు పొలం వదులుతారు, ఇల్లు వదులుతారు, దేవుణ్ణి వదలరు. అందుకని నాకు తారసపడిన జూలకంటివారిని నేను మూడు సంగతులు అడుగుతుంటాను. మీ ఇలవేల్పు ఎవరు, పిల్లలకు పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు, మీ తాతముత్తాతలు పెళ్లిశుభలేఖ మొదట ఏ గుడిలో పెట్టేవారు. మాచర్ల చెన్నకేశవుడనో, కారంపూడి అంకాళమ్మ అనో చెప్పినవాళ్ల దారి మా జూలకల్లు వైపే అని నమ్ముతాను. తుంగభద్ర ఒడ్డు దేవుళ్ల పేర్లు చెబితే ఆ కుటుంబం గూడూరు వైపు నుంచి వచ్చిందని రాసుకుంటాను. నల్లగొండ జిల్లాలో ఉన్న జూలకంటివారిలో ముసలివాళ్లు ఇంకా ఉండగానే ఈ మూడు ప్రశ్నలూ అక్కడా ఎవరైనా అడగాలి. అవతలి గట్టున చరిత్ర మీద మనసున్న ఉపాధ్యాయులెవరైనా ఈ పనికి దిగితే, ఇవతలి గట్టు లెక్క రాసుకొచ్చే బాధ్యత నాది.