ఇంటి కంప్యూటరునకు ఏ నిర్వహణ వ్యవస్థ తగును?



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో నేడు కంప్యూటరు ఇంటి సామానులలో నొకటి యైనది. దుబాయిలోనో మస్కటులోనో ఉన్న కుమారుని ముఖము చూచి మాటలాడుటకును, భూమి రికార్డును సరిచూచుకొనుటకును, మనుమల చదువునకును, సంఘపు చందాల లెక్క వ్రాసికొనుటకును అది అక్కఱకు వచ్చుచున్నది. దానిని కొనబోయిన పెద్దను దుకాణములోని పిల్లవాడు “ఏ సిస్టం వెయ్యమంటరు, కాకా?” అని అడుగును. “అందరు వేసుకునేదే వెయ్యి” అని మనము బదులు చెప్పుదుము. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, సుడులు చూచి కొనువారము, ఈ విషయమున మాత్రము విచారింపకయే తల యూపుచున్నాము. ఆ ఎన్నిక వెనుక అర్ధ శతాబ్దమునకు మించిన చరిత్ర యున్నది. ఆ చరిత్రను ఎఱిగినచో ఎన్నిక సులభమగును.

సిస్టము అనగా ఆపరేటింగు సిస్టము. తెలుగున నిర్వహణ వ్యవస్థ అనుచున్నారు. సిరిసిల్ల సాంచాల నెఱిగిన వారికి దీనిని వివరించుట కష్టము కాదు. సేటు నూలు ఇచ్చును. ఆసామి దానిని తెచ్చి, ఏ సాంచాపై ఏ భీము ఎక్కవలెనో, ఏ కార్మికుడు దేనిని నడుపవలెనో ఏర్పాటు చేసి, గుడ్డ నేయించి తిరిగి అప్పగించును. ఆసామి లేనిచో నూలు నూలుగనే, సాంచా సాంచాగనే యుండును. కంప్యూటరులో మనము సేటులము. తెర, మీటలపలక, జ్ఞాపకశక్తి, ప్రింటరు అనునవి సాంచాలు. మన పనిని గైకొని, దానిని ఈ భాగములకు పంచి, ఫలితమును మనకు చేర్చు ఆసామియే నిర్వహణ వ్యవస్థ. యంత్రము ఒక్కటే యైనను ఆసామిని మార్చవచ్చును. కావున ఏ ఆసామిని పెట్టుకొనవలెనను ప్రశ్న పుట్టినది.

1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనువారు యూనిక్స్ అను వ్యవస్థను ఆరంభించిరి. అది విశ్వవిద్యాలయములలోని పెద్ద యంత్రములకు తగినది. ఇంటి బల్లపై ఇముడు యంత్రములు తరువాత వచ్చినవి. 1981 ఆగస్టు 12న ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసెను. దానికి కావలసిన వ్యవస్థను మైక్రోసాఫ్ట్ కంపెనీ సమకూర్చెను. ఆ కంపెనీ దానిని మొదటినుండి తానే నిర్మించినది కాదు, సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అను చిన్న సంస్థయొద్ద కొని, సరిచేసి, డాస్ అను పేర అమ్మినది. 1985లో విండోస్ వచ్చెను. 1995 ఆగస్టు 24న వెలువడిన విండోస్ 95 దానిని లోకమంతట వ్యాపింపజేసెను. ఆపిల్ కంపెనీ 1984లో మెకింటాషును తెచ్చెను గాని, దాని వ్యవస్థను తన యంత్రములకే పరిమితము చేసికొనెను. అది వెల హెచ్చగుటచే మన ఇండ్లకు అంతగా రాలేదు.

ఇచట ఒక సంగతి గమనింపవలసి యున్నది. విండోసును కొనుచున్నామని మనమందుము. వాస్తవమునకు కొనునది వాడుకొను అనుమతి మాత్రమే. భూమి కౌలునకు తీసికొన్నట్టిది. దున్నవచ్చును, పండించవచ్చును, గట్టు మార్చుటకు మాత్రము హక్కు లేదు. వ్యవస్థ లోపల ఏమి వ్రాసియున్నదో చదువుటకును, దానిని మార్చుటకును, పొరుగువానికి పంచుటకును అనుమతి యుండదు.

ఈ పద్ధతి సరి కాదని 1983లో అమెరికా దేశీయుడగు రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. అందఱును చదువవచ్చును, మార్చవచ్చును, పంచుకొనవచ్చును అను నియమముతో ఆయన పనిముట్లను తయారుచేయసాగెను. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఒక వ్యవస్థకు గుండెకాయ వంటి భాగమును వ్రాసి లోకమునకు వదలెను. అదియే లినక్స్. ఈ రెండును కలిసి, డెబియన్, ఉబుంటు, మింట్ మొదలగు పలు పేర్లతో ఇంటి కంప్యూటర్లకు ఉచితముగా లభించుచున్నవి. లినక్స్ అనిన మన పెద్దలకు కొత్త మాటగా తోచవచ్చును గాని, ఆండ్రాయిడ్ ఫోనులలో నడుచునది ఆ లినక్స్ గుండెకాయయే. చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉన్న ప్రతివారును, తెలియకయే, దానిని వాడుచున్నారు.

ఇక మన భాష సంగతి. కంప్యూటరు అమెరికాలో పుట్టినది కావున దాని మొదటి అక్షరములు ఇంగ్లీషువి. తెలుగును అందులో ప్రవేశపెట్టుటకు 1980ల నుండియే మన దేశమున ప్రయత్నములు జరిగినవి. 1991లో భారత ప్రమాణముల సంస్థ ఇస్కీ అను సంకేత పద్ధతిని ప్రకటించెను. కాని అచ్చుపని చేయువారు ఆనాటి అవసరమును బట్టి అను, శ్రీలిపి మున్నగు ప్రత్యేక అక్షరరూపములను వాడుకలోనికి తెచ్చిరి. పెండ్లి శుభలేఖలు, కరపత్రములు, పుస్తకములు వాటితో చక్కగా అచ్చైనవి. వాటివలన తెలుగునకు కలిగిన మేలు తక్కువది కాదు. అయితే అందొక లోపము దాగియుండెను. వాటిలో ఇంగ్లీషు అక్షరమునకు గల సంకేతముపైననే తెలుగు బొమ్మను కూర్చిరి. ఆ అక్షరరూపము లేని యంత్రమున ఆ ఫైలు తెఱచినచో “శ్రీరస్తు” అని ఉండవలసిన చోట అర్థములేని గుర్తులు కానవచ్చును.

ఆ 1991లోనే యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణము వెలువడెను. అందు తెలుగునకు 128 స్థానముల గడి కేటాయింపబడినది. అనగా ‘అ’కు ఒక సంఖ్య, ‘క’కు ఒక సంఖ్య, ఆ సంఖ్య జగిత్యాలలోను జపానులోను ఒక్కటియే. కంప్యూటర్లు దానిని పాటించుటకు మఱి కొంతకాలము పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు అక్షరరూపము లభించెను. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో యూనికోడ్ అక్షరరూపములను రూపొందించి ఉచితముగా పంచిపెట్టిరి. లినక్స్ వైపున లోహిత్ తెలుగు వచ్చినది. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు లినక్స్ ఆదేశములను తెలుగున అనువదించి, తెలుగు ముఖముతో కనబడు వ్యవస్థను తయారుచేసిరి. కేంద్రప్రభుత్వ సంస్థయగు సీడాక్ 2007లో బాస్ అను లినక్స్ వ్యవస్థను భారతభాషలతో విడుదల చేసెను. నేడు విండోసులోను, లినక్సులోను, ఆపిల్ యంత్రములోను తెలుగు చదువను వ్రాయను వీలున్నది. కాబట్టి తెలుగు కొఱకు ఫలానా వ్యవస్థనే కొనవలెనను నిర్బంధము తొలగిపోయినది.

దీని విలువ మన ప్రాంతపు పెద్దలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1948 వఱకు నిజాము రాజ్యమున కచ్చేరీల భాష ఉర్దూ. ఆనాటి సేత్వారులు, దస్తావేజులు ఇంటి పెట్టెలలో నేటికిని కొన్ని కలవు. భూమి తగాదా వచ్చినపుడు ఆ కాగితమును పట్టుకొని, ఉర్దూ తెలిసిన పెద్దమనిషిని వెదకుకొని పోవుచున్నాము. అయినను ఆ కాగితము చదువబడుచున్నది. ఏలయన ఉర్దూ లిపి ఏ ఒక్క దుకాణము సొత్తును కాదు. నేర్చిన వాడెవడైనను చదువగలడు. ఒక కంపెనీ అక్షరరూపముతో మాత్రమే కనబడు ఫైలు గతి అట్లు కాదు. ఆ కంపెనీ సరకు దొరకని నాడు దానిని చదువుటకు లోకమందలి పండితులెవ్వరును చాలరు. నూఱేండ్లనాటి కాగితము పలుకుచుండగా, ఇరువదేండ్లనాటి ఫైలు మూగవోవుట విచారింపదగిన విషయము.

రెండవ విషయము వ్యవస్థ ఆయుర్దాయము. కంప్యూటరులో చొఱబడు దొంగల ఎత్తులు దినదినము మారుచుండును గావున, వ్యవస్థను తయారుచేసినవారు ఎప్పటికప్పుడు కంతలు పూడ్చుచుండవలెను. వారు మానుకొన్ననాడు యంత్రము నడుచునే గాని, తలుపునకు గడియ లేని ఇల్లగును. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిలు 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ఆ సంరక్షణ ముగిసినది. విండోస్ 10 వాడుక గృహస్థులు నమోదు చేసికొన్నచో మఱియొక సంవత్సరము, అనగా 2026 అక్టోబరు 13 వఱకు, గడువు లభించునని కంపెనీ ప్రకటించినది. 2021లో వచ్చిన విండోస్ 11నకు టీపీఎం 2.0 అను భద్రతా భాగమును, కొంత కొత్త ప్రాసెసరును కావలెను. అందుచేత బాగుగనే పనిచేయు పాత యంత్రములు అనేకము దానికి పనికిరానివైనవి.

సిరిసిల్లవారికి ఇట్టి స్థితి తెలియనిది కాదు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినపుడు సాంచాలు నిండుగా ఆడినవి. 2024లో ఆ పంపిణీ జరుగలేదు. దానినే నమ్ముకొన్న సాంచాలకు పని కఱవైనది. సాంచా చెడలేదు, నేతగాని చేయి చెడలేదు. ఒక్కచోటి నిర్ణయము మారినది, అంతే. వేఱొకరి నిర్ణయముపై సంపూర్ణముగా ఆధారపడుట ఎట్టిదో ఇంతకన్న వివరింప నక్కఱలేదు.

ఇట్లనుటచే లినక్సునే అందఱును వేసికొనవలెనని నా వాదము కాదు. ఏ పనికి ఏ ఎద్దు అని చూడవలెను. దుకాణపు లెక్కలకు ట్యాలీ వాడువారికిని, అను అక్షరరూపములతో శుభలేఖలు కూర్చి జీవించువారికిని విండోస్ అవసరము. ఆ సాధనములు దానికొఱకే వ్రాయబడినవి. వేలిముద్ర యంత్రము, పాత ప్రింటరు ఉన్నవారు అవి లినక్సుతో పనిచేయునో లేదో ముందుగా విచారించవలెను. మఱియు మన పట్టణములలో విండోస్ బాగుచేయువారు వీధికొకరు దొరకుదురు, లినక్స్ తెలిసినవారు అరుదు. యంత్రము ఆగిననాడు పిలువగానే వచ్చు మనిషి ఉండుట చిన్న విషయము కాదు.

అయితే సాధారణ గృహస్థునకు కావలసిన పని ఎంత? గల్ఫు దేశమునకు వీడియో కాలు, వార్తలు, పాటలు, ఉత్తరము వ్రాయుట, ప్రభుత్వ సేవలు. 2020 అక్టోబరు 29న ధరణియు, దాని స్థానమున 2025 ఏప్రిలు 14న భూభారతియు వచ్చినవి. రెండును బ్రౌజరులో తెఱచి చూచునవే గాని, ఒక వ్యవస్థకు కట్టుబడినవి కావు. ఉత్తరములకు, పట్టికలకు లిబ్రె ఆఫీస్ ఉచితముగా దొరకును, అది విండోసులోను లినక్సులోను పనిచేయును. ఇంతటి పనికి విండోస్ 11 ఎక్కని పాత యంత్రమును పారవేయుట దండుగ. దానిలో లినక్స్ మింటునో, ఉబుంటునో వేయించినచో మఱి కొన్ని సంవత్సరములు సురక్షితముగా నడుచును. ఉబుంటులో రెండేండ్ల కొకసారి వచ్చు దీర్ఘకాలిక సంచికకు ఐదేండ్ల సంరక్షణ ఉచితముగా లభించును. దానిని పెన్‌డ్రైవులో పెట్టి, యంత్రములో నున్నదేదియు చెఱుపకుండ, రుచి చూచు వీలును కలదు. నచ్చిననే స్థిరముగా వేసికొనవచ్చును. స్థిరముగా వేయించుటకు ముందు ఫోటోలు, కాగితములు వేఱొకచోటికి నకలు తీయించుకొనుట మఱువరాదు.

కొత్త యంత్రమును కొనువారు దానితో వచ్చిన విండోసును ఉంచుకొనవచ్చును, దాని వెల యంత్రపు వెలలో కలిసియే యుండును. కాని దొంగనకలును మాత్రము వేయించుకొనరాదు. వెల లేదని సంతోషింతుము గాని, ఆ తాళమును పగులగొట్టిన చేయి మన ఇంటి లోపల ఇంకేమి పెట్టిపోయినదో తెలియదు. ఆ యంత్రముననే బ్యాంకు ఖాతా చూచుకొనుట అపాయకరము. వెల పెట్టలేనివారికి ధర్మబద్ధముగ ఉచితమైన మార్గము ఉండగా దొంగదారి ఎందులకు?

ఏ వ్యవస్థను ఎన్నుకొన్నను రెండు నియమములు పాటింపదగును. తెలుగున వ్రాయునదంతయు యూనికోడులోనే వ్రాయింపవలెను. పూర్వము ఇతర అక్షరరూపములలో వ్రాసిన వంశవృక్షములు, గుడి లెక్కలు, ఊరి చరిత్రలు ఉన్నచో, వాటిని చదువగల యంత్రము ఇంకను నడుచుచుండగనే యూనికోడులోనికి మార్పించి, కాగితముపై ఒక ప్రతి, పెన్‌డ్రైవుపై మఱియొక ప్రతి భద్రపఱచుకొనవలెను. డాస్ పోయినది, ఎక్స్‌పీ పోయినది, నేటి వ్యవస్థయు ఒకనాటికి పోవును. అపుడు మన కాగితములు దానితో పోక, తరువాతి యంత్రములోనికి నడచి రావలెను. రేపు దుకాణములో పిల్లవాడు మఱల ఆ ప్రశ్న అడిగినపుడు, “మా తెలుగు కాగితాలు వేరే సిస్టంల సుత తెరుచుకుంటయా?” అని తిరిగి అడుగుడు. అతని జవాబును విని, తరువాత సొమ్ము చెల్లింపుడు.