అల్ట్రాలైట్ విమానం: పుట్టుక, పరిణామం, శిక్షణ లేకపోతే ప్రమాదం

ఒకరు లేదా ఇద్దరు మాత్రమే ఎక్కగలిగే అతి తేలికైన విమానం అల్ట్రాలైట్. కొన్ని దేశాల్లో దీన్ని మైక్రోలైట్ అంటారు. అల్యూమినియం గొట్టాల చట్రం, దానిపై బిగించిన గుడ్డ రెక్క, చిన్న ఇంజను, ప్రొపెల్లర్ తొలితరం అల్ట్రాలైట్లలోని ప్రధాన భాగాలు. వీటి మూలాలు ఇంజను లేని గ్లైడర్లలో ఉన్నాయి.

జర్మనీకి చెందిన ఒట్టో లిలియంతాల్ 1891 నుంచి తాను తయారు చేసుకున్న గ్లైడర్లతో సుమారు రెండు వేల సార్లు ఎగిరాడు. శరీరాన్ని ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరుపుతూ వాటిని అదుపు చేసేవాడు. 1896 ఆగస్టు 9న అతని గ్లైడర్ స్టాల్ అయి సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి కూలింది. మర్నాడు అతను మరణించాడు. స్టాల్ అంటే ఇంజను ఆగిపోవడం కాదు. ఎదురొచ్చే గాలికీ రెక్కకూ మధ్య కోణం మితిమీరినప్పుడు గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని సాగదు. అప్పుడు విమానాన్ని పైకి నిలిపే బలం ఒక్కసారిగా తగ్గుతుంది. ఈ మరణం రైట్ సోదరులను ఆలోచింపజేసింది. వారు కిట్టీ హాక్ ప్రాంతంలో గ్లైడర్లతో వందల సార్లు సాధన చేసి, అదుపు చేయడం నేర్చాకే 1903లో ఇంజను అమర్చారు.

1948లో అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన భార్య గెర్ట్రూడ్ మడతపెట్టగల గుడ్డ రెక్కను రూపొందించారు. 1963లో ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్‌లో జాన్ డికెన్సన్ దానికి అడ్డకడ్డీ అమర్చి, మనిషి వేలాడుతూ నడిపేలా చేశాడు. అలా హ్యాంగ్ గ్లైడర్ వ్యాప్తిలోకి వచ్చింది. 1975లో విస్కాన్సిన్‌లో జాన్ మూడీ రెండంతస్తుల రెక్కల హ్యాంగ్ గ్లైడర్‌కు చిన్న ఇంజను బిగించాడు. 1976లో ఆష్‌కోష్ విమాన ప్రదర్శనలో పరుగెత్తి దానితో గాలిలోకి లేచాడు. కొద్ది ఏళ్లలోనే ఇంట్లో బిగించుకునే కిట్లు అమ్మకానికి వచ్చాయి.

1982 అక్టోబరులో అమెరికాలో పార్ట్ 103 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇంజనున్న అల్ట్రాలైట్‌లో ఒక్కరే కూర్చోవాలి. ఖాళీ బరువు 254 పౌండ్లలోపు, అంటే సుమారు 115 కిలోల లోపు ఉండాలి. ఇంధనం 5 గ్యాలన్లు మించకూడదు. గరిష్ఠ వేగం 55 నాట్లు, అంటే గంటకు సుమారు 102 కిలోమీటర్లు. జనావాసాల మీదుగా ఎగరకూడదు. ఈ పరిమితులు పాటిస్తే పైలట్ లైసెన్సు, వైద్య పరీక్ష, రిజిస్ట్రేషన్ ఏవీ అక్కర్లేదు. కింద ఉన్న జనానికీ ఇతర విమానాలకూ ముప్పు తగ్గించడమే ఈ పరిమితుల ఉద్దేశం. నడిపేవారి నైపుణ్యాన్ని పరీక్షించే పని చట్టం పెట్టుకోలేదు. లైసెన్సు అక్కర్లేదంటే శిక్షణా అక్కర్లేదని కొందరు పొరబడటానికి ఇది చోటిచ్చింది.

వాస్తవానికి తక్కువ బరువే పైలట్ పనిని కష్టతరం చేస్తుంది. బరువైన విమానం ఇంజను ఆగినా తన ఊపుతో కొంతసేపు వేగం నిలుపుకుంటుంది. అల్ట్రాలైట్‌కు ఆ ఊపు తక్కువ, గాలి నిరోధం ఎక్కువ. టేకాఫ్ తర్వాత పైకి లేస్తుండగా ఇంజను ఆగితే వెంటనే ముక్కు కిందికి దించి వేగం కాపాడాలి, ఎదురుగా ఉన్న చోట దిగాలి. శిక్షణ లేనివారు భయంతో ముక్కు పైకెత్తుతారు, లేదా రన్‌వే వైపు వెనక్కి తిరగబోతారు. తక్కువ ఎత్తులో ఈ రెండూ స్టాల్‌కు దారితీస్తాయి, తేరుకునేందుకు ఎత్తు మిగలదు. చాలా అల్ట్రాలైట్లలో టూ-స్ట్రోక్ ఇంజన్లు వాడతారు. ఆయిల్ పాళ్లు తప్పినా, వేడెక్కినా అవి గాలిలోనే ఆగిపోవచ్చు.

గాలి మరో శత్రువు. పక్కగాలి, మధ్యాహ్నపు వేడికి నేల నుంచి లేచే గాలి పాయలు చిన్న విమానాన్ని విసిరేస్తాయి. అడ్డకడ్డీతో నడిపే రకాల్లో కడ్డీని ముందుకు నెడితే ముక్కు లేస్తుంది. మామూలు విమానంలో కంట్రోల్ స్టిక్‌ను ముందుకు నెడితే ముక్కు దిగుతుంది. ఈ తేడా వల్ల ఇతర విమానాలు నడిపిన అనుభవజ్ఞులకూ కొత్తగా సాధన తప్పదు. ఒంటి సీటు విమానంలో శిక్షకుడికి చోటుండదు. అందులో మొదటిసారి ఎగరడమంటే ఒంటరిగా ఎగరడమే. నేల మీద నడిపి చూద్దామని వేగం పెంచినవారు అనుకోకుండా గాలిలోకి లేచే ప్రమాదమూ ఉంది.

అందుకే అమెరికాలో శిక్షణ కోసం రెండు సీట్ల అల్ట్రాలైట్లకు కొంతకాలం ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. తేలికపాటి విమానాలు నడిపేవారి కోసం 2004లో స్పోర్ట్ పైలట్ లైసెన్సు వచ్చింది. 1980లో బోరిస్ పొపోవ్ స్థాపించిన సంస్థ, విమానం మొత్తాన్ని మోయగల ప్యారాచూట్‌ను అభివృద్ధి చేసింది. అయితే అది విచ్చుకోవడానికీ కొంత ఎత్తు కావాలి. బ్రిటన్‌లోనూ భారత్‌లోనూ మైక్రోలైట్ నడపాలంటే లైసెన్సు తప్పనిసరి. మన ఎన్‌సీసీ వాయు విభాగంలో క్యాడెట్లు శిక్షకుడి పక్కన కూర్చొని వీటిలో ఎగురుతారు. 1988లో బ్రిటన్ నుంచి భారత్‌కు మైక్రోలైట్‌లో 23 రోజుల్లో చేరిన విజయ్‌పత్ సింఘానియా కూడా అప్పటికే అనుభవమున్న పైలట్.

ఎగరాలన్న కోరిక మంచిదే. దాన్ని తీర్చుకోవాలనుకునే ప్రతి ఒక్కరూ విమానం కొనే ముందు రెండు సీట్ల విమానంలో అర్హతగల శిక్షకుడి దగ్గర నేర్చుకోవాలి. చట్టం అడగని చోట కూడా ఈ నియమాన్ని తమకు తామే పెట్టుకోవాలి.