డాలుపై యోహాను సువార్త: డొమినికన్ రిపబ్లిక్ జాతీయ చిహ్నం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

యుద్ధంలో వీరుణ్ణి గుర్తుపట్టడానికి అతని డాలుపై గుర్తు వేయడం మధ్యయుగపు ఐరోపా ఆచారం. స్పానిష్ మాట్లాడే దేశాల జాతీయ చిహ్నాలలో అధిక భాగం ఆ ఆచారం నుండే వచ్చాయి. వీటిలో రెండు చిహ్నాలకు సువార్తికుడైన యోహానుతో సంబంధం ఉంది. ఒకటి స్పెయిన్ ఒకప్పుడు ధరించినది, రెండవది డొమినికన్ రిపబ్లిక్ నేటికీ ధరిస్తున్నది. ఒక రాజ్యం లేఖనాన్ని తన డాలుపై ఉంచుకొన్నప్పుడు, ఆ లేఖనం రాజ్యాన్ని కాపాడే డాలు అవుతుందా, లేక రాజ్యానికి తీర్పు తీర్చే వాక్యం అవుతుందా? ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న ఇదే.

1. యోహాను పక్షిరాజు

యెహెజ్కేలు 1వ అధ్యాయంలోను, ప్రకటన 4వ అధ్యాయంలోను కనబడే నాలుగు జీవులను ఆదిమ సంఘం నలుగురు సువార్తికులకు గుర్తులుగా భావించింది. జెరోము కాలం నుండి పాశ్చాత్య సంఘంలో పక్షిరాజు యోహానుకు గుర్తుగా స్థిరపడింది. కాస్టిల్ రాణి ఇసబెల్లా ఈ పక్షిరాజును తన రాజచిహ్నంలో చేర్చుకొంది. 1492లో గ్రెనడా ఆమెకు, ఆమె భర్త ఫెర్డినాండుకు వశమైనప్పుడు, ఆ రాజ్యపు గుర్తయిన దానిమ్మపండు డాలు అడుగున చేరింది. అదే సంవత్సరం, బాప్తిస్మం పొందని యూదులు దేశం విడిచిపోవాలనే శాసనం వెలువడింది. అయితే ఏ సువార్తికుని గుర్తు ఆ డాలును మోసిందో ఆ యోహాను కూడా యూదుడే!

1938లో ఫ్రాంకో ఈ పక్షిరాజును మళ్లీ రాజ్య చిహ్నంలోకి తెచ్చాడు. ప్రజాస్వామ్యం వచ్చాక 1981లో చేసిన చట్టం దానిని తొలగించింది.

2. కొత్త రిపబ్లిక్కుల డాళ్లు

స్పెయిన్ పాలన నుండి విడివడిన అమెరికా దేశాలు కిరీటాన్ని వదలివేశాయి. చాలా దేశాలు ప్రకృతి నుండి, ఫ్రెంచి విప్లవం నుండి గుర్తులు తీసుకొన్నాయి. 1813 నాటి అర్జెంటీనా ముద్రలో కలుపుకొన్న రెండు చేతులు, స్వేచ్ఛకు గుర్తయిన టోపీ, ఉదయసూర్యుడు ఉన్నాయి. 1825లో పెరూ తన డాలుపై వికూన్యా అనే జంతువును, సింకోనా చెట్టును, నాణేలు కురిసే కొమ్మును నిలిపింది. ఈ వరుసలో డొమినికన్ రిపబ్లిక్ వేరే దారి పట్టింది.

3. తెరచిన సువార్త

1822 నుండి హిస్పానియోలా ద్వీపమంతా హైతీ పాలనలో ఉంది. తూర్పు భాగంలో బానిసత్వాన్ని అంతం చేసింది కూడా ఆ పాలనే. 1838లో హువాన్ పాబ్లో దువార్తే త్రిత్వం పేరిట 'లా త్రినితారియా' అనే రహస్య సంఘాన్ని స్థాపించాడు. 1844 ఫిబ్రవరి 27న స్వాతంత్ర్యం ప్రకటించబడింది. ఆ సంవత్సరపు రాజ్యాంగం జాతీయ చిహ్నాన్ని ఇలా వర్ణించింది: ఆయుధాల మధ్య ఒక సిలువ, దాని పాదం వద్ద తెరచిన సువార్తల గ్రంథం. 'దేవుడు, మాతృభూమి, స్వాతంత్ర్యం' అనేది నినాదం. 2010 రాజ్యాంగపు 32వ అధికరణం ఆ గ్రంథం ఎక్కడ తెరచి ఉండాలో కూడా నిర్దేశించింది. అది యోహాను సువార్త 8:32, అనగా సత్యం మనిషిని స్వతంత్రునిగా చేస్తుందని ప్రభువు చెప్పిన చోటు.

4. డాలు నీడలో

1930 నుండి 1961 వరకు త్రుహియ్యో నియంతృత్వం ఇదే చిహ్నం కింద సాగింది. 1936లో రాజధానికి అతని పేరే పెట్టారు. 1937 అక్టోబరులో అతని ఆజ్ఞపై సైనికులు సరిహద్దు ప్రాంతంలోని వేలాది హైతీయులను చంపారు. 'పెరెహిల్' అనే ఆకుకూర పేరు పలికించి, పలికిన తీరును బట్టి మనుషులను వేరుచేశారని చెబుతారు. న్యాయాధిపతులు 12వ అధ్యాయంలోని 'షిబ్బోలెతు' సంఘటన ఇక్కడ గుర్తుకు రాక మానదు.

1954లో వాటికన్ ఈ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొంది. అయితే 1960 జనవరిలో దేశంలోని బిషప్పులు రాజకీయ ఖైదీల పక్షాన మానవ హక్కులను గూర్చి లేఖ వ్రాసి ఆలయాలలో చదివించారు. డాలుపై తెరచి ఉన్న గ్రంథాన్ని సంఘం ఆలస్యంగానైనా చదివింది.

2013లో రాజ్యాంగ న్యాయస్థానం, సక్రమ పత్రాలు లేని విదేశీయులకు 1929 నుండి దేశంలో పుట్టిన సంతానానికి పౌరసత్వం లేదని తీర్పు చెప్పింది. నష్టపోయినవారిలో అత్యధికులు హైతీ సంతతివారు. 2014 నాటి చట్టం కొంతమేరకే దీనిని సరిదిద్దింది.

ముగింపు

యోహాను 8:32ను దాని సందర్భం నుండి వేరుచేయలేము. 31వ వచనం వాక్యంలో నిలిచియుండడాన్ని షరతుగా పెడుతుంది. 33వ వచనంలో వినేవారు తాము అబ్రాహాము సంతానమని, కాబట్టి తమకు విడుదల అక్కరలేదని జవాబిస్తారు. వంశాన్ని చూపి సత్యాన్ని తప్పించుకోవాలనే ప్రయత్నం అది. డొమినికన్ చరిత్రలో పదేపదే తలెత్తిన ప్రశ్న కూడా వంశం గూర్చినదే. డాలుపై ముద్రించిన వచనం ఒక్కటే. దాని ముందు వెనుకల వచనాలు ప్రజల జీవితంలో చదవబడవలసి ఉన్నాయి. స్పెయిన్ పక్షిరాజును తీసివేయగలిగింది. డొమినికన్ ప్రజలు గ్రంథాన్ని తెరచే ఉంచారు. అది తెరచి ఉన్నంతకాలం దానిని చేతబట్టిన రాజ్యాన్ని కూడా ప్రశ్నిస్తూనే ఉంటుంది.