ఎంతమంది చదువుతున్నారు? వెబ్‌కామిక్ గీసేవాళ్ల ముప్పై ఏళ్ల లెక్క



మా హోసూరు పక్క పిల్లల్లో బొమ్మలు గీసేవాళ్లు బాగానే ఉన్నారు. ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో నాలుగు గళ్లు గీసి, మాటల బుడగల్లో మన ఇంటి తెలుగే రాసి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. ఏడెనిమిది పెట్టాక ఆపేస్తారు. ఎందుకు ఆపారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "చూసేవాళ్లు లేరు." ఎంతమంది చూశారంటే నూట ఎనభై అంటారు, రెండొందలు అంటారు. మా సంఘం ఉగాది సభకు రెండొందల మంది వస్తే కుర్చీలు చాలక పక్క వీధిలో అడిగి తెచ్చుకుంటాం. అదే రెండొందలు ఫోన్‌లో కనబడితే ఎవరూ లేనట్టే లెక్క.

ఈ బాధ మన పిల్లలకే పుట్టింది కాదు. ఇంటర్నెట్‌లో బొమ్మల కథలు గీయడం మొదలై ముప్పై ఏళ్లు దాటింది. ఆ మొదటి రోజుల నుంచీ గీసేవాళ్లను ఈ లెక్క పట్టుకునే ఉంది. ఒకసారి ఎగరేసింది, ఒకసారి కుంగదీసింది, కొందరి చేత మానిపించింది. ఆ చరిత్ర కాస్త తెలిస్తే మన పిల్లలకు ఊరటగా ఉంటుందని ఇది రాస్తున్నాం.

ముందు అచ్చు కాలం సంగతి. పేపర్లో బొమ్మ గీసేవారికి చదువరి కనబడడు. చార్లెస్ షుల్జ్ గారి 'పీనట్స్' 1950 అక్టోబరులో అమెరికాలో ఏడే ఏడు పత్రికల్లో మొదలైంది. బాగా నడిచిన రోజుల్లో 2,600కు పైగా పత్రికల్లో వచ్చేది. అది పత్రికల లెక్క. పేపరు తెరిచినవాళ్లలో బొమ్మ ఎవరు చూశారో, ఎవరు పేజీ తిప్పేశారో ఆ లెక్క చెప్పదు. మన చందమామ కూడా అంతే. 1947 జులైలో మద్రాసులో తెలుగు, తమిళాల్లో మొదలై, తర్వాత కన్నడ ఇళ్లకూ, 'చాందోబా' పేరుతో మరాఠీ ఇళ్లకూ వెళ్లింది. ఒక్క ప్రతి ఎన్ని ఇళ్లు తిరిగిందో, ఎందరు పిల్లలు పక్కపక్కన కూర్చుని చదివారో లెక్కపెట్టే సాధనం ఎవరి దగ్గరా లేదు. తెలియదు కాబట్టి దాని మీద బెంగా లేదు.

1993 సెప్టెంబరులో డేవిడ్ ఫార్లీ అనే ఆయన 'డాక్టర్ ఫన్' అనే ఒంటి గడి కార్టూన్‌ను వెబ్‌లో పెట్టడం మొదలుపెట్టారు. మొట్టమొదటి వెబ్ కార్టూన్లలో అదొకటి. 1997లో పీట్ అబ్రమ్స్ 'స్లగ్గీ ఫ్రీలాన్స్', 1998లో స్కాట్ కర్ట్జ్ 'పీవీపీ', అదే ఏడాది నవంబరులో జెర్రీ హోల్కిన్స్, మైక్ క్రాహులిక్ కలిసి 'పెన్నీ ఆర్కేడ్' మొదలుపెట్టారు. సంపాదకుడు ఒప్పుకోనక్కర్లేదు, సిండికేట్ కొనక్కర్లేదు. గీసి పెడితే చాలు.

ఆ రోజుల్లో చాలా సైట్ల అడుగున బండి మీటరు లాంటి ఒక అంకెల పెట్టె ఉండేది. ఎవరు పేజీ తెరిచినా ఒక అంకె తిరుగుతుంది. గీసేవాడు తన చదువరుల లెక్కను రోజూ తన కళ్లతో చూడడం అప్పుడే మొదలైంది. అయితే ఆ మీటరు లెక్కపెట్టింది మనుషుల్ని కాదు, పేజీ తెరిచిన సార్లను. ఒకడే పదిసార్లు తెరిస్తే పది. దానితోపాటే ఈమెయిళ్లు కూడా వచ్చేవి. ఎక్కడో ఊరూ పేరూ తెలియని మనిషి, నిన్నటి బొమ్మ చూసి నవ్వానని రాసేవాడు. అంకె ఒక పక్క, మనిషి ఒక పక్క. ఆ రెంటికీ మధ్య పెనుగులాటే ఈ చరిత్ర అంతా.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. ఆ కాలంలో చదువరులు పెరగడమంటే ఖర్చు పెరగడం. బొమ్మ ఎంతమందికి వెళితే అంత డేటా ఖర్చవుతుంది. సైటును పెట్టుకోనిచ్చిన కంపెనీ ఆ డేటాకు డబ్బు అడుగుతుంది. హోటలు పెట్టినవాడికి జనం వస్తే లాభం. వీళ్లది ఉచిత అన్నదానం, వరుస పెరిగేకొద్దీ బియ్యం బిల్లు పెరుగుతుంది. పేరొచ్చిందన్న సంతోషం, నెలాఖరుకు బిల్లొస్తుందన్న భయం, రెండూ ఒకే మీటరు నుంచి పుట్టేవి.

ఈ చిక్కుకు రకరకాల మందులు వాడి చూశారు. స్కాట్ మెక్‌క్లౌడ్ గారు 2000లో వచ్చిన 'రీఇన్వెంటింగ్ కామిక్స్' పుస్తకంలో, చదువరి ఒక్కో కథకు చిల్లర పైసలు ఇస్తే చాలునన్నారు. 2003లో 'ది రైట్ నంబర్' అనే తన కథను 25 సెంట్లకు పెట్టి చూపించారు కూడా. ఆ చిల్లర వసూలు చేసిపెట్టిన బిట్‌పాస్ కంపెనీ 2007లో మూతపడింది. జోయీ మాన్లీ 2002లో 'మోడర్న్ టేల్స్' అనే చందా సైటు తెచ్చారు. నెలకు 2.95 డాలర్లు కడితే చాలామంది బొమ్మలు చదవవచ్చు. దాని వల్ల గీసేవాళ్లకు కొంత డబ్బు వచ్చింది. కానీ గోడ కట్టాక కొత్తవాళ్లు లోపలికి రావడం కష్టమైంది. డబ్బిచ్చే కొద్దిమందా, ఊరికే చదివే ఎక్కువమందా అనే ప్రశ్న ఎటూ తెగలేదు.

తెగ్గొట్టింది చదువరులే. 'సమ్‌థింగ్ పాజిటివ్' అనే కామిక్ గీసే ఆర్.కె. మిల్‌హాలండ్, బొమ్మలు ఆలస్యమవుతున్నాయని సణిగేవాళ్లతో విసిగిపోయి 2004లో ఒక పందెం వేశారు. నా ఏడాది జీతమంత మీరు ఇవ్వండి, ఉద్యోగం మానేసి గీస్తాను అన్నారు. వాళ్ల నోళ్లు మూయించడానికి అన్నమాట అది. చదువరులు నిజంగానే ఇచ్చారు. ఆయన ఉద్యోగం మానక తప్పలేదు! పెన్నీ ఆర్కేడ్ వాళ్లు కూడా కొన్నాళ్లు చదువరుల విరాళాల మీదే బతికారు. 2003లో వాళ్లు ఆసుపత్రిలో ఉన్న పిల్లలకు బొమ్మలు, ఆటవస్తువులు పంపమని అడిగితే చదువరులు ధారాళంగా పంపారు. 'చైల్డ్స్ ప్లే' అనే ఆ దానం పని అలా మొదలైంది. మీటరులో అంకెగా ఉన్నవాళ్లకు చేతులున్నాయని అప్పుడు తెలిసింది.

ముఖాలు కూడా ఉన్నాయని 2007లో తెలిసింది. 'ఎక్స్‌కేసీడీ' గీసే రాండల్ మన్రో ముందు నాసాలో పనిచేశారు. పుల్లల్లాంటి మనుషుల బొమ్మలతో లెక్కలు, సైన్సు మీద హాస్యం రాస్తారు. ఒక కామిక్‌లో ఒక చోటు అక్షాంశ రేఖాంశాలు, ఒక తేదీ వేశారు. ఆ చోటు అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఒక చిన్న పార్కు. ఆ తేదీ 2007 సెప్టెంబరు 23. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఆ రోజు వందల మంది చదువరులు ఆ పార్కుకు వచ్చి నిలబడ్డారు. మన్రో కూడా వచ్చారు. ఆయన సైటు చూసే లక్షల్లో ఆ కొన్ని వందలు ఏపాటి? కానీ జనం చెప్పుకునేది ఆ వందల గురించే.

లెక్క పెరిగితే సంబంధం మారిపోతుంది అనడానికి 'హోమ్‌స్టక్' సాక్ష్యం. ఆండ్రూ హస్సీ 2009లో మొదలుపెట్టిన ఈ కథలో, పాత్ర తర్వాత ఏం చేయాలో చదువరులే చెప్పేవారు, ఆయన గీసేవారు. మన పల్లెల్లో కథ చెప్పే తాత "ఆ తర్వాతేమైందో చెప్పు" అని పిల్లల్నే అడిగినట్టు. చదువరులు కొద్దిమంది ఉన్నన్నాళ్లు అది సాగింది. వేలల్లో సలహాలు వచ్చిపడ్డాక, వాటిలో తనకు కావలసింది ఏదైనా దొరుకుతుంది, ఇక అడగడంలో అర్థం లేదు. హస్సీ సలహాలు తీసుకోవడం మానేశారు. 2011 అక్టోబరులో ఒక పెద్ద ఘట్టాన్ని తన సైటు తట్టుకోలేదని న్యూగ్రౌండ్స్ అనే పెద్ద సైటులో పెడితే, జనం తాకిడికి అదీ కూలింది. అంత మంది వచ్చారు. వాళ్లలో ఒక్కరి మాటా ఇక కథను తిప్పలేదు.

2008లో కెవిన్ కెల్లీ ఒక వ్యాసంలో, కళాకారుడికి లక్షల జనం అక్కర్లేదు, ఏటా వంద డాలర్లు ఖర్చుపెట్టే నిజమైన అభిమానులు వెయ్యిమంది చాలు అన్నారు. నాలుగేళ్లకు ఆ మాటకు పెద్ద రుజువు దొరికింది. రిచ్ బర్లూ 2003 నుంచి 'ఆర్డర్ ఆఫ్ ది స్టిక్' ఉచితంగా గీస్తున్నారు. పాత పుస్తకాలు మళ్లీ అచ్చువేయడానికి 2012లో కిక్‌స్టార్టర్‌లో 57,750 డాలర్లు అడిగారు. వచ్చింది 12,54,120 డాలర్లు. ఇచ్చినవాళ్లు 14,952 మంది. ఊరికే చదువుకోగల కథకు, అచ్చు పుస్తకం చేతిలో ఉండాలని ఇచ్చిన డబ్బు అది. మరుసటి ఏడాదే నెలనెలా చిన్న మొత్తం ఇచ్చే పేట్రియాన్ వచ్చింది.

అదే 2013లో కథ ఇంకో మలుపు కూడా తిరిగింది, ఈసారి చెడ్డ మలుపు. జులై 1న గూగుల్ తన 'రీడర్'ను మూసేసింది. నచ్చిన సైట్లన్నిటి కొత్త బొమ్మలూ ఒకచోటికి తెచ్చిపెట్టే సౌకర్యం అది. జనం అప్పటికే ఫేస్‌బుక్, ట్విట్టర్లకు మళ్లుతున్నారు. చూడడానికి లెక్కలు ఉబ్బాయి. కానీ చదువరుల చిట్టా గీసేవాడి చేతిలోంచి కంపెనీల చేతికి పోయింది. 'ది ఓట్‌మీల్' గీసే మాథ్యూ ఇన్‌మన్ దీని మీద కామిక్కే గీశారు: ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న అనుచరులకే తన బొమ్మ చేరాలంటే మళ్లీ తనే డబ్బు కట్టాల్సి వస్తోందని.

మంటల మధ్య కాఫీ కప్పు పెట్టుకుని, అంతా బాగానే ఉందంటూ కూర్చున్న కుక్క బొమ్మ మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. అది కె.సి. గ్రీన్ 2013 జనవరిలో 'గన్‌షో' అనే తన వెబ్‌కామిక్‌లో గీసింది. ఆరు గళ్ల కథలో మొదటి రెండు గళ్లు మాత్రం కత్తిరించుకుని లోకమంతా పంచుకుంది. ఆయన పేరు ఆ గళ్లతో వెళ్లలేదు. మొత్తం కథ చదివినవాళ్లు ఎందరు, గీసింది ఎవరో తెలిసినవాళ్లు ఎందరు? బొమ్మను చూసినవాళ్లు వేరు, చదువరులు వేరు అని ఇంతకంటే బాగా ఏదీ చెప్పలేదు.

కొరియాలో ఇంకో రకం. అక్కడ నేవర్ 2004 నుంచి వెబ్‌టూన్లు నడుపుతోంది. ఫోన్‌లో పైనుంచి కిందకు జారే రంగుల కథలు, వారానికో భాగం. చదువరులు చుక్కలు వేస్తారు, వరుస మారుతుంది. గీసేవారికి జీతం వస్తుంది, చదువరులు లక్షల్లో ఉంటారు. కానీ వారం వారం ఆగకూడదు. 2010లో మొదలై లోకమంతా పేరొచ్చిన 'టవర్ ఆఫ్ గాడ్' 2020లో నెలల తరబడి ఆగింది. గీసే సియు గారి ఆరోగ్యం సహకరించలేదు. అంత జనం ఎదురుచూస్తున్నా చేతి మణికట్టు ఒకటే కదా.

ఇక మన సంగతికి వద్దాం. అమెరికాలో ఇంగ్లీషులో గీసేవాడు తన చదువరుల కోసం వెతుక్కోవాలి. తమిళనాట, కర్ణాటకలో, ఒడిశాలో, మరాఠీ నేల మీద తెలుగులో గీసేవాడికి ఇంకో మెట్టు ఎక్కువ. తెలుగు వినేవాళ్లు, మాట్లాడేవాళ్లు వీధి నిండా ఉన్నారు. అక్షరం చదవగలిగేవాళ్లు ఆ ఇళ్లలో తాతా, అవ్వే. తమిళనాడులో 2006 చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. తెలుగు బడుల్లో చదువుకునే పిల్లలు తగ్గారు. మన పిల్లవాడి బొమ్మకు రెండొందలే వచ్చాయంటే బొమ్మ బాగాలేక కాదు. మాటల బుడగ చదవగలిగేవాళ్లే ఊళ్లో అంతమంది.

అందుకే మాకు ఇలా తోస్తోంది. పై చరిత్రలో గీసేవాళ్లను నిలబెట్టింది మీటరు కాదు. పేరుతో, ముఖంతో, మళ్లీ మళ్లీ వచ్చిన మనుషులు. మనకైతే ఇంకో మాట కూడా చేర్చాలి. మన చదువరులు ఎక్కడో దాక్కుని లేరు, వెతికితే దొరకడానికి. వాళ్లను తయారు చేసుకోవాలి. అ ఆలు, గుణింతాలు వచ్చిన పిల్లకు పెద్ద పుస్తకం ఇస్తే పక్కన పడేస్తుంది. బుడగలో మూడు మాటలుంటే కూడబలుక్కుని చదువుతుంది, బొమ్మ చూసి మిగతాది ఊహించుకుంటుంది. నాలుగు గళ్ల కథ గీసిన పిల్లవాడు ఒక్క కొత్త చదువరిని తెచ్చినా, అది వెయ్యి లైకుల కంటే బరువైన లెక్క.

గీసే పిల్లలకు మా మనవి: కంపెనీ ఇచ్చే అంకె మీద ఆధారపడకండి. మీ బొమ్మ కోసం ఎదురుచూసే ఇళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకోండి, బొమ్మ రాగానే వాళ్లకు మీరే పంపండి. ముప్పై పేర్లున్నా చాలు.

పెద్దలకు మా మనవి: పిల్లలు గీసింది చదివితే బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకోకండి. ఏ గడి నచ్చిందో, ఏ మాటకు నవ్వొచ్చిందో రెండు వాక్యాలు రాయండి. తెలుగులోనే రాయండి. గీసినవాడు దాన్ని చదవాలి కదా.